మిస్ఫా కాలువ నుంచి వహీబా ఇసుక దాకా: బాపుతో ఒక రోజు

మస్కట్ వచ్చి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో కొండల్లోని ఊళ్లకు విడిగా వెళ్లాం, ఎడారికి విడిగా వెళ్లాం. రెండూ ఒకే రోజులో చూసింది మాత్రం మొన్న డిసెంబర్‌లో మా బాపు, అంటే నాన్న, వచ్చినప్పుడే. పెద్ద ప్లానేమీ లేదు. మా ఆయనకు దొరికిన సెలవు రెండు రోజులు, బాపు తిరుగు టికెట్‌కి ఉన్నది ఇంకో వారం.

బాపుది జగిత్యాల దగ్గర పల్లె. చెరువు కింద మూడెకరాల పొలం. ఎక్కడికి తీసుకెళ్లినా ఆయన కళ్లు నీళ్లనే వెతుకుతాయి. మస్కట్‌లో పెద్ద మసీదు చూపించాం, మత్రా బజారు చూపించాం. అన్నీ చూసి, "రోడ్డు పొంటి గీ పచ్చగడ్డికి నీళ్లెవరు పెడ్తరు బిడ్డా?" అన్నాడు. మురుగునీళ్లు శుద్ధి చేసి పెడతారనీ, మేం తాగేది సముద్రంలో ఉప్పు తీసేసిన నీళ్లనీ చెప్పాను. కాసేపు నా మొహం చూసి, చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశాడు.

అందుకే ముందు మిస్ఫా చూపించాలనుకున్నాను. పూర్తి పేరు మిస్ఫత్ అల్ అబ్రియీన్. అల్ హమ్రా పైన హజర్ కొండల్లో, బండకు అతికించినట్టు కట్టిన మట్టి ఇళ్ల ఊరు. బుధవారం సాయంత్రానికి చేరుకుని ఒక పాత ఇంట్లో దిగాం. ఊళ్లోకి కారు పోదు. పైన ఆపి సామాన్లు మోసుకుంటూ మెట్లు దిగాలి. గదిలో నేలమీద పరుపులు, చేతి మందం కంబళ్లు, కప్పు చూస్తే ఈతమొద్దుల్లాంటి ఖర్జూరపు దూలాలు. మా పాప "ఇది మ్యూజియమా, హోటలా?" అని అడిగి పడుకుంది.

పొద్దున ఆరింటికి లేచి చూస్తే బాపు లేడు. ఫోన్ గదిలోనే ఉంది. నాకు టెన్షన్. భాష రాని ఊళ్లో, లోయ అంచున, డెబ్బై ఏళ్ల మనిషి. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లమీద పరుగెత్తాను.

కాలువ గట్టు మీద గొంతుకూర్చుని ఉన్నాడు.

ఒమన్‌లో ఈ కాలువను ఫలజ్ అంటారు. దేశం మొత్తంలో ఇప్పటికీ పారుతున్నవి మూడు వేల దాకా ఉన్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మిస్ఫాలోది ఆ ఐదులో లేదు. కానీ దీన్ని చూస్తే ఫలజ్‌లకు ఆ గుర్తింపు ఎందుకొచ్చిందో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. కొండ ఊటలో మొదలైన నీళ్లు మూరెడు వెడల్పు కాలువలో, బండ అంచు పట్టుకుని, ఊరి పక్కనుంచి వచ్చి మెట్లు మెట్లుగా ఉన్న తోటల్లోకి దిగుతాయి. పైన ఖర్జూరాలు, వాటి నీడన అరటి, నిమ్మ, మామిడి, ఇంకా కింద గుప్పెడంత మడుల్లో లూసర్న్ గడ్డి. ఎక్కడా మోటారు లేదు. వాలు ఒక్కటే.

బాపు పక్కన ఒక బంగ్లాదేశీ కుర్రాడు నిలబడి ఉన్నాడు. తోటలో పనిచేసేవాడట. బాపుకి మా నిజాం ఉర్దూ కొంచెం వచ్చు, ఆ కుర్రాడికి గల్ఫ్ హిందీ వచ్చు. అప్పటికే ఇద్దరూ మంచి కబుర్లలో ఉన్నారు. కాలువకు పక్కగా చిన్న కంత. దానికి అడ్డంగా ఒక గుండ్రాయి, రాయి చుట్టూ చినిగిన గోనెసంచి కుక్కి ఉంది. కుర్రాడు ఫోన్లో టైం చూసి, వంగి, ఆ రాయిని రెండు చేతులా ఊడబెరికాడు. నీళ్లు గుప్పున మడిలోకి మళ్లాయి. అదే రాయిని అదే గోనెతో ఇటు పక్క కాలువకు అడ్డం పెట్టి, మడమతో రెండు తన్నులు తన్నాడు. అంతే, తూము మారింది.

"మన నీరటోడు గిట్లనే చేస్తుండె," అన్నాడు బాపు. గొంతులో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది నాకు. వేల కిలోమీటర్ల దూరం వచ్చి తన పనినే ఇంకొకరి చేతుల్లో చూస్తున్నట్టు.

ఆ తర్వాత అడిగినవన్నీ బాపు ప్రశ్నలే, నేను దుబాసీని. తోట యజమాని, తెల్ల దిష్దాషా వేసుకున్న ముసలాయన, ఖర్జూరాల పళ్లెం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. నా అరబిక్ అంతంతమాత్రం, ఆయన ఓపిక మాత్రం చాలా. చెప్పింది ఇదీ: నీళ్లను భూమి లెక్కన కాదు, కాలం లెక్కన పంచుతారు. ఒక 'అథర్' అంటే సుమారు అరగంట నీళ్లు. ఎవరికి ఎన్ని అథర్లో తాతల నాటి నుంచి లెక్క ఉంది. వాటా వారసత్వంగా వస్తుంది, అమ్ముకోవచ్చు, కౌలుకూ ఇవ్వొచ్చు. కొన్ని వాటాలు ఊరి పేర ఉంటాయి. వాటిని వేలం వేసి, ఆ డబ్బుతో కాలువ బాగుచేయించుకుంటారు. ఊరికి చేరగానే మొదట తాగడానికి ముంచుకునే చోటు, తర్వాత మసీదు, స్నానాలు, చివరికే తోటలు. పై చోట కాళ్లు కడిగితే ఊరంతా తిడుతుంది.

"వాచీలు లేనప్పుడు ఎట్ల?" అని బాపు.

పగలు నీడతో, రాత్రి చుక్కలతో అన్నాడాయన. ఇప్పుడు ఫోన్ ఉంది కదా అని నవ్వాడు. బాపు "ఏ చుక్క?" అని కూడా అడిగాడు కానీ నాకు చుక్కల అరబిక్ పేర్లు తెలియవు. మా ఆయన పైనుంచి హారన్ కొడుతున్నాడు. సరే పద బాపూ అని లేపాను. లేవడానికి ఆయనకు అయిదు నిమిషాలు పట్టింది, ఆ మడి నిండేదాకా.

ఎనిమిదింపావుకి బయల్దేరాం. అల్ హమ్రా దాటి నిజ్వా. 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన గుండ్రటి బురుజు కోట అక్కడే ఉంది, కానీ మేం లోపలికి పోలేదు. గురువారం కాబట్టి శుక్రవారపు మేకల సంత కూడా లేదు. హల్వా ఒక డబ్బా కొనుక్కుని అరగంటలో బయటపడ్డాం. నిజ్వాకి ఇంకో రోజు రావాలి. అది దారిలో చూసి పోయే ఊరు కాదు.

నిజ్వా దాటాక కొండలు మెల్లగా వెనక్కి జరుగుతాయి. ఇక్కడి కొండలకు మట్టి ఉండదు, చెట్టూ ఉండదు. కాలిన బెల్లపు పాకం గడ్డకట్టినట్టు నల్లగా, గోధుమగా, బండలుగా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న రాతిపొర పైకి లేచి ఈ కొండలైందని మా ఆయన చెప్పాడు. ఆయన ఇక్కడ సివిల్ ఇంజనీర్, రాళ్ల గురించి మొదలుపెడితే ఆపడు. బాపు మర్యాదగా తలూపుతూ కిటికీలోంచి వాగుల్ని లెక్కపెట్టాడు. ప్రతి వంతెన కింద ఎండిన గులకరాళ్ల వాగే. "ఒక్కదాంట్ల చుక్క లేదు గదా, మరి ఇంతింత వంతెనలెందుకు?" వాన పడిన రోజు ఇవి కార్లను కొట్టుకుపోతాయని చెబితే నమ్మలేదు. ఫోన్లో వీడియో చూపిస్తే నమ్మాడు.

పదకొండింటికి సినా. మ్యాపులో సినావ్ అని ఉంటుంది. ఎడారిలో ఉండే సంచార తెగల బెదూలకూ ఊరివాళ్లకూ ఇదే కలిసే చోటు, గురువారం పొద్దున సంత. మేం వెళ్లేసరికి సగం ఎత్తేశారు. మిగిలినవాటిలో బాపు కాళ్లు నేరుగా మేకల దగ్గరికి వెళ్లాయి. నోరు తెరిపించి పళ్లు చూశాడు, డొక్కలు నొక్కాడు. అమ్మే మనిషికి ఆయనెవరో అడగాల్సిన పని లేకపోయింది, రైతని తెలిసిపోయింది. నూట పది రియాళ్లన్నాడు. నేను రూపాయల్లోకి మార్చి ఇరవై నాలుగు వేలు బాపూ అంటే, మేక చెవి వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఒక మూల బెదూ ఆడవాళ్లు, నుదురూ ముక్కూ కప్పే గట్టి ముసుగులతో, బేరాలు చేస్తున్నారు. చేసేదంతా వాళ్లే, మగవాళ్లు పక్కన నిలబడి ఉన్నారు. ఇంకో పక్క పికప్ ట్రక్కులో ఒంటె మోకాళ్లు మడిచి కూర్చుని ఉంది. కాళ్లు కట్టేసి, తల మాత్రం క్యాబిన్ మీదకు ఎత్తి, డ్రైవర్ కంటే ముందుగా రోడ్డు చూస్తూ. మా పాప ఆ ఒక్క ఒంటెకి ముప్పై ఫోటోలు తీసింది.

మలయాళీ కాఫీ షాపులో చేపలకూర అన్నం తిన్నాం. ఇక్కడ కాఫీ షాపంటే కాఫీ తాగే చోటు కాదు, మన దగ్గరి మెస్సులాంటిది. తిని బయల్దేరి రెండున్నరకి బిదియా చేరాం.

ఎడారి ఇక్కడ మెల్లమెల్లగా మొదలవదు. ఊరు, ఖర్జూరపు తోట, పెట్రోల్ బంకు, పంక్చర్ షాపు, ఆ వెనకే ఎర్రటి ఇసుక గోడ. అదే వహీబా ఇసుక. ఇప్పుడు షర్కియా ఇసుక అంటున్నారు, జనం నోట పాత పేరే. ఉత్తర దక్షిణాలుగా 180 కిలోమీటర్లు, అడ్డంగా 80. ఇసుక తిన్నెలు నూరు మీటర్ల దాకా లేస్తాయి.

పంక్చర్ షాపులో గాలి తీయించుకోవడం ఇక్కడ తప్పనిసరి తంతు. రోడ్డు మీద 35 ఉన్న టైరును 18కి దించుతారు. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది, గట్టి టైరు కోసుకుంటూ దిగబడుతుంది. "ఒంటె కాలు లెక్క," అన్నాడు బాపు. నేను ఇంత వివరంగా చెప్పింది ఆయన మూడు మాటల్లో తేల్చేశాడు.

బండి నడిపేది నేనే. మా ఆయనకు నడుం డిస్కు సమస్య, కుదుపులు పడవు. కాబట్టి ఆయన పక్క సీట్లో కూర్చుని సలహాలిస్తాడు. ఫోర్ వీల్ పెట్టు, స్పీడు తగ్గించకు, తిన్నె మీద అడ్డంగా తిప్పకు, ఎక్కేటప్పుడు ఆపకు. అన్నీ నిజమే. రాత్రికి మేం ఉండబోయే ఎడారి క్యాంపువాళ్లు ఊరి బయటికి దారి చూపే కారు పంపుతామన్నారు కూడా. ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాం కదా, టైరు జాడలు కనపడుతూనే ఉన్నాయి కదా అని నేనే వద్దన్నాను. తప్పు నాదే.

అరగంట హాయిగా వెళ్లాం. రెండు పొడుగాటి తిన్నెల వరసల మధ్య పల్లంలో గట్టి నేల, అక్కడక్కడా మేకల దొడ్లు. తర్వాత జాడ ఎడమవైపు మెత్తటి ఎత్తు ఎక్కింది. సరిగ్గా మధ్యలో ఉండగా పాప "అమ్మా, ఒంటె! పిల్ల ఒంటె!" అని అరిచింది. నా కాలు దానంతటదే బ్రేక్ మీద పడింది.

బండి ఆగింది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాను. ముందుకు పోవాల్సింది కిందికి పోయింది. ఇంకొంచెం తొక్కాను, ఇంకొంచెం దిగింది. డోరు తీసి చూస్తే ఫుట్‌బోర్డు ఇసుక మీద కూర్చుని ఉంది. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ కోపం తెప్పించింది.

ఇసుకను చేతులతో తోడాం. తోడిన చోటే మళ్లీ జారింది. ఫోన్‌కి సిగ్నల్ ఒక గీత, అదీ వస్తూ పోతూ. నాలుగు దాటింది. డిసెంబర్‌లో ఇక్కడ అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. నీళ్లు పన్నెండు సీసాలు ఉన్నాయి, దుప్పట్లు ఉన్నాయి, ప్రాణభయమేమీ లేదు. అయినా ఆ నిశ్శబ్దంలో ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంటే గుండె అదే లెక్కలో కొట్టుకుంది. బాపు మాత్రం తిన్నె మీద కూర్చుని, "దిగబడ్డ ఎడ్లబండిని కొడితే లేస్తదా? నువ్వు దాన్ని కొట్టినవ్," అన్నాడు.

ఇరవై నిమిషాలకు తెల్ల పికప్ ఒకటి మా తిన్నె చుట్టూ తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు ఆ అబ్బాయికి. చెప్పుల్లేవు. సలాం చెప్పి, టైరు పక్కన కూర్చుని, కారు తాళంచెవితో వాల్వ్ నొక్కి గాలి వదిలాడు. మీటరు లేదు, పెదాలతో లెక్క. నాలుగు టైర్లూ అయ్యాక చక్రాల వెనక ఇసుకను మోచేతులతో పక్కకు నెట్టాడు. ముందు కాదు, వెనక. నా చేతిలోంచి తాళం తీసుకుని, సీట్లో కూర్చుని, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి తెచ్చాడు. కిందిదాకా దించి, ఊపందుకుని, ఒక్క పరుగున ఎక్కించేశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. డబ్బులివ్వబోతే చేయి గుండెమీద పెట్టుకుని వద్దన్నాడు, ఇల్లు దగ్గరే, కహ్వా, అంటే అరబ్బు కాఫీ, తాగి వెళ్లమన్నాడు.

ఇల్లంటే ఖర్జూరపు మట్టలతో అల్లిన పందిరి, రెండు రేకుల గదులు, మేకల దొడ్డి. ఇనుప స్టాండు మీద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు. బిదియా దుకాణాల్లో తిరిగి తిరిగి ఆ అబ్బాయికి హిందీ బాగానే వచ్చింది. బాపు చిన్న కప్పులో యాలకుల వాసన కహ్వా తాగుతూ ట్యాంకు వైపు చూశాడు. నాకు ప్రశ్న ముందే తెలిసిపోయింది.

"పానీ కహాఁ సే?"

ట్యాంకర్ వస్తుందట, బిదియా నుంచి. మనుషులకూ మేకలకూ అదే. పొద్దున మిస్ఫాలో అరగంట అరగంటగా కొలిచి పంచుకునే నీళ్లను చూసిన మనిషి, ఇక్కడ ట్యాంకు కుళాయి కింద పెట్టిన బకెట్‌ను చూశాడు. కుళాయికి బట్ట పీలిక కట్టి ఉంది, కారకుండా. కాసేపటికి తన కప్పులో మిగిలిన గుక్కెడు కూడా తాగేశాడు. నాకు తెలిసి బాపు అడుగున నలకలున్న కాఫీ ఎప్పుడూ తాగడు.

లేచి వస్తుంటే పందిరి వెనక చెట్టు దగ్గర ఆగిపోయాడు. పెద్ద చెట్టు. మేకలకు అందినంత మేర కొమ్మలు సమంగా కత్తిరించినట్టు ఉన్నాయి, పైన గొడుగులా వాలి ఉంది. ఆకును వేళ్ల మధ్య నలిపాడు. బెరడు మీద అరచేయి పెట్టాడు.

"బిడ్డా, ఇది జమ్మి గదనే."

గాఫ్ అన్నాడు ఆ అబ్బాయి. ఈ చెట్లను ఎనిమిదేళ్లుగా రోడ్డు పక్కన చూస్తున్నాను. ఎడారి చెట్టు అనుకున్నానంతే. ఫోన్లో వెతికాను. ప్రోసోపిస్ సినరేరియా. గాఫ్ అదే, జమ్మి అదే, మన తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే. లోతుకు, చాలా లోతుకు వేళ్లు దించి నీళ్లు వెతుక్కుంటుంది. మా ఊళ్లో దసరానాడు ఈ చెట్టు దగ్గరికే ఊరంతా కదులుతుంది. ఆకు తెంపి బంగారమని చేతుల్లో పెట్టుకుంటాం. ఇక్కడ అదే ఆకును మేకలు ముందుకాళ్లు ఎత్తి మరీ తింటున్నాయి.

బాపు చెప్పులు విడిచాడు. రెండు రెమ్మలు తెంపొచ్చా అని ఆ అబ్బాయిని అడిగాడు. ఒకటి వాడి చేతిలో పెట్టి, వాడి తల మీద చెయ్యి వేశాడు. వాడికేం అర్థమైందో గానీ ఆకును జేబులో పెట్టుకున్నాడు.

క్యాంపుకి వాడి పికప్ వెనకాలే వెళ్లాం. సూర్యాస్తమయం, తిన్నెల రంగులు, అవన్నీ ఫోటోల్లో మీరు చూసే ఉంటారు, ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. నాకు గుర్తున్నది చలి. పొద్దు పోయిన అరగంటకే ఇసుక పైపొర చల్లబడింది. పాప వేళ్లు లోపలికి పెట్టి, "కింద ఇంకా వెచ్చగుంది" అంది.

బాపు గుడారంలో పడుకోనన్నాడు. బయట మంచం వేశారు, నేనూ పక్కన ఇంకో మంచం వేయించుకున్నాను. భోజనాలు వడ్డించిన పెద్దాయన దీపాలు ఆర్పడానికి వచ్చినప్పుడు బాపు ఆకాశం వైపు వేలు చూపించి, పొద్దున మిస్ఫాలో మిగిలిపోయిన ప్రశ్న అడగమన్నాడు. నడినెత్తి మీద గుంపుగా ఉన్న చుక్కలు.

"సురయ్యా," అన్నాడాయన.

"పిల్లలకోడి," అన్నాడు బాపు.

చెరువు ఆయకట్టు చివరన మా పొలం. నీళ్ల వంతు ఎప్పుడూ నడిరాత్రే వచ్చేదట. ఇంట్లో గడియారం లేదు. పిల్లలకోడి నెత్తి మీద నుంచి పడమటికి వాలి, చింతచెట్టు మీదకు దిగితే మా తాత లేపేవాడట, పార భుజాన వేసుకుని పొమ్మని. ఈ సంగతి నేను ఎప్పుడూ వినలేదు. వింటూ వింటూనే నిద్రపోయాను.

మంచుకు దుప్పటి తడిసి మెలకువ వచ్చింది. రెండు దాటి ఉంటుంది. చుక్కల గుంపు పడమటి తిన్నె మీదకు దిగింది. పక్క మంచం మీద బాపు లేచి కూర్చుని ఉన్నాడు, కంబళి నెత్తిన కప్పుకుని.

"నిద్ర పట్టలేదా బాపూ?"

"పట్టింది. వంతొచ్చిందని మెలకువైంది," అన్నాడు.